ఆ పెట్టె ఇంగ్లీషువాళ్ళది కాదు

కిందటేడు మా ఊళ్ళో (అంటే న్యూజెర్సీలో మేముంటున్న ఊళ్ళో) తెలుగు సంఘం వారి సావనీరుకి ఒక వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. కమిటీలో పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "టాపిక్ ఏమిటి సార్?" అని అడిగారు. "విశాఖపట్నం దంతపు పనండీ. పెట్టెలు, కుర్చీలు, బీరువాలు. ఇక్కడి మ్యూజియంలలో చాలానే ఉన్నాయి" అన్నాను.

"అదంతా ఇంగ్లీషువాళ్ళ ఫర్నిచరు కదండీ! మన కల్చర్ మీద ఏదైనా రాయండి. అన్నమయ్య ఉన్నాడు, కూచిపూడి ఉంది, సంక్రాంతి ముగ్గులున్నాయి."

నేను కాస్త నసిగితే ఆయనే మధ్యేమార్గం చెప్పారు. "అయినా కంసాలి పని గురించి అన్ని పేజీలెందుకు సార్? ఓ అరపేజీ ఇవ్వండి, బాక్స్ ఐటమ్ కింద వేద్దాం."

పెట్టె గురించి పెట్టెలోనే వేస్తానన్నారన్నమాట. ఆయన మంచివారే. మా ఆవిడకి ఆపరేషనైనప్పుడు వాళ్ళింటినుంచి మూడు రోజులు క్యారేజీ వచ్చింది. నేను కంసాలి కొడుకునని ఆయనకి తెలియదు. తెలిస్తే ఆ మాట అనేవారు కాదు, ఇంకోలా అనేవారు. ఈ దేశం వచ్చి ఇరవయ్యారేళ్ళయింది. మీదేవూరు, మీ ఇంటిపేరేమిటి, మీరు ఫలానా వారికేమవుతారు అని అడిగిన ప్రతిసారీ మాట తప్పించడం ఒక విద్యలా నేర్చుకున్నాను. ఆ రోజు కూడా "సరేనండీ" అని ఫోన్ పెట్టేశాను. అరపేజీ కూడా ఇవ్వలేదు. ఆ రోజు అనాల్సిన మాటలు ఇక్కడ అంటున్నాను.

ముందు నా దగ్గరున్న పెట్టె సంగతి చెబుతాను. 2009లో పెన్సిల్వేనియాలో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్ళాం. ఎవరో ముసలావిడ పోతే పిల్లలు ఇంట్లో సామానంతా బల్లల మీద పరిచి అమ్ముతున్నారు. ఫాండ్యూ గిన్నెల పక్కన ఒక పెట్టె, దానికి వేలాడుతూ 'ఇంగ్లీషు కుట్టుపెట్టె' అని చీటీ. మూత తీశాను. గంధపు వాసన. లోపల దారపుండలకీ సూదులకీ చిన్నచిన్న అరలు, రెండు అరల మూతలకి తాబేటి చిప్ప. బయటంతా ఏనుగు దంతపు పలచటి పలకలు, అంచుల వెంట నల్లటి గీతల్లో పూలతీగ. అరవై డాలర్లన్నారు. బేరమాడలేదు. పార్కింగు దాకా దాన్ని పొట్టకి ఆనించుకుని నడిచానని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ వాసన నాకు తెలుసు. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర సందులో మా తాత కూర్చునే వసారా వాసన అది. ఆయన కాలానికే దంతం పని పోయింది. గేదె కొమ్ముతో దువ్వెనలు, ఫోటో ఫ్రేములు, ఎవరైనా పెళ్ళికి అడిగితే చందనపు భరిణెలు చేసేవాడు. కొమ్ముని వేడిచేసి, మెత్తబడ్డాక రెండు పలకల మధ్య నొక్కి చదును చెయ్యడం, మొనదేలిన చువ్వతో గీత గీయడం, ఆ గీతలో నల్ల లక్క నింపి పైన మిగిలింది రుద్దేయడం, ఇవన్నీ నేను చూసినవే. "గీత లోతుండాల, వెడల్పుండకూడదురా. వెడల్పయితే లక్క నిలబడదు" అనేవాడు. ఆ పెట్టె మీద గీతలు సరిగ్గా అలాగే ఉన్నాయి. మా నాన్న ఆ పని నేర్చుకోలేదు. పోర్టులో గుమాస్తాగా చేరాడు. నేను కంప్యూటర్లలోకొచ్చాను. తాత పనిముట్లలో నా దగ్గర మిగిలినవి ఒక ఆకురాయి, రెండు చువ్వలు.

ఇప్పుడు చరిత్ర. ఇది మా ఇంటి గొప్ప చెప్పుకోవడం కాదని మీకు తెలియాలి కదా. 1756లో జాన్ కార్నీల్ అనే ఆంగ్ల సైనికుడు విశాఖపట్నం వచ్చి, ఈ ఊళ్ళో దంతం పొదిగే పనివాళ్ళున్నారని, ఆ పని చాలా గొప్పగా చేస్తారని రాసుకున్నాడు. అంటే అప్పటికే అది పేరున్న పని. మొదట్లో జిట్రేగి, నల్లచేవ లాంటి గట్టి కర్రని తొలిచి, అందులో దంతపు పూలు, తీగలు పొదిగేవారు. మన కోస్తా అద్దకం బట్టల అంచుల మీద పూలతీగ ఎలా పాకుతుందో, కుర్చీ వీపు మీద, బీరువా తలుపు అంచుల మీద అలాగే పాకుతుంది. కొన్నాళ్ళకి పద్ధతి మారింది. గంధపు చెక్కతో పెట్టె కట్టి, దాన్నంతా దంతపు పలకలతో కప్పి, పలకల మీద గీత చెక్కి లక్క నింపడం వచ్చింది. తర్వాత్తర్వాత తాబేటి చిప్ప, కొమ్ము, ఏదుముళ్ళు కూడా వచ్చి చేరాయి. ఓడరేవు ఉంది, అడవి కర్ర ఉంది, బట్టల వ్యాపారం కోసం దిగిన కంపెనీ దొరలున్నారు. గిరాకీ దానంతటదే వచ్చింది.

ఎంత గిరాకీ అంటే, 1781లో మద్రాసు మాజీ గవర్నరు అలెగ్జాండర్ వించ్ చనిపోయాక ఇంగ్లండులో ఆయన సామాను వేలం వేస్తే, దంతపు పలకలు తొడిగిన మన కుర్చీల్ని మూడవ జార్జి రాజు కొని రాణి షార్లెట్‌కి ఇచ్చాడు. ఆ 1781లోనే యార్క్‌టౌన్‌లో ఆయనగారి సైన్యం లొంగిపోయి అమెరికా చేజారిపోయింది. దేశం పోయినా కుర్చీలు దక్కాయి, అవి ఇప్పటికీ ఆ రాజవంశం సొత్తే. మన విశాఖపట్నం సామాను మీద ఇప్పటికీ అందరూ ఆధారంగా చూసే పుస్తకం అమీన్ జాఫర్ రాసింది, 2001లో వచ్చింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, ఇక్కడి మసాచుసెట్స్ సేలం ఊళ్ళోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియం, ఈ రెండుచోట్లా ఉన్న సామాను కేటలాగు అది. అందులో విశాఖపట్నానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. సేలం ఓడల వాళ్ళు తూర్పు దేశాలనుంచి తెచ్చిన వస్తువులు దాచుకోవడానికి 1799లో సంఘం పెట్టుకున్నారు, దాన్నుంచి పెరిగిందే ఆ మ్యూజియం. ఓడ సరంగులకి ఉన్న తెలివి మన సావనీరు కమిటీలకి లేకపోవడం నా మొదటి ఫిర్యాదు.

రెండో ఫిర్యాదుకి రావాలంటే ఒక ఫ్రెంచి వడ్రంగి గురించి చెప్పాలి. ఆయన పేరు ఆంద్రే షార్ల్ బూల్. పేరులో ఆంద్రే ఉన్నంత మాత్రాన ఆంధ్రుడు కాదు లెండి. పారిస్‌లో 1642లో పుట్టి దాదాపు తొంభయ్యేళ్ళు బతికాడు. 1672లో పద్నాలుగో లూయీ ఆయనకి ఆస్థాన పదవి, లూవ్ర్ ప్యాలెస్‌లో చోటు ఇచ్చాడు. ఆయన పనంతా ఇత్తడి, తాబేటి చిప్ప. ఇత్తడి రేకు, చిప్ప పలక ఒకదానిమీదొకటి పెట్టి, పైన డిజైను కాగితం అంటించి, సన్నటి రంపంతో రెంటినీ ఒకేసారి కోస్తారు. ఇత్తడి పువ్వు చిప్పలో పడిన సందులో కూర్చుంటుంది, చిప్ప పువ్వు ఇత్తడిలో కూర్చుంటుంది. ఒక్క కోతకి రెండు బీరువాలు, ఒకటి నల్ల నేల మీద బంగారు తీగ, రెండోది బంగారు నేల మీద నల్ల తీగ. చిప్ప అడుగున ఎర్ర రంగు వేస్తే మొత్తం నిప్పులా కనిపిస్తుంది. అద్భుతమైన పని, కాదనను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1710-20 నాటి బూల్ సొరుగుల బల్ల ఒకటుంది. దాని ముందు నేను నిలబడ్డంతసేపు నిలబడితే కాపలావాడికి అనుమానమొస్తుంది. వచ్చింది కూడా.

ఈ పద్ధతిని బూల్ కనిపెట్టలేదు. ఆయనకి ముందే ఇటలీలో, ఫ్లాండర్స్‌లో ఉంది. అయినా ఆయన పేరే ఆ పనికి పేరైపోయింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'బుల్' అని తమ నోటికి తగ్గట్టు మార్చుకుని నిఘంటువుకెక్కించారు. ఆయన తన సామాను మీద సంతకం పెట్టే అలవాటున్నవాడూ కాదు. ఇవాళ ఆయన పేరు మీద చలామణీ అయ్యే వస్తువుల్లో చాలా వాటికి ఆధారం పండితుల అంచనా మాత్రమే. లాస్ ఏంజెలెస్ గెటీ మ్యూజియంలో ఉన్న లూయీ విజయాల బీరువాకి కూడా 'ఆంద్రే షార్ల్ బూల్‌దని భావిస్తున్నారు' అనే రాసుకున్నారు. అంటే సంతకం లేకపోయినా పేరు రాయాలన్న పట్టుదల ఉంటే దారి దొరుకుతుందన్నమాట.

మరి మనవాళ్ళకి? ఈశాన్య రాష్ట్రాల్లో ఒక మ్యూజియంలో, పేరెందుకులెండి, మన విశాఖ పెట్టె అద్దాల వెనక ఉంది. చీటీ మీద 'ఆంగ్లో ఇండియన్' అని మొదలుపెట్టి, అది ఏ ఇంగ్లీషు పుస్తకంలోని బొమ్మ చూసి చేసిందో, ఏ కంపెనీ అధికారి కుటుంబం నుంచి వచ్చిందో, ఏ దాత ఇచ్చాడో రాశారు. చేసినవాడి గురించి 'స్థానిక పనివాళ్ళు' అని రెండు మాటలు. ఎక్కడి స్థానికులు? ఏ భాషవాళ్ళు? ఆ ముప్పై నలభై మాటల చీటీలో 'తెలుగు' అన్న మాట లేదు.

"బొమ్మల పుస్తకం చూసి చేసిందే కదా, సొంతం ఎలా అవుతుంది?" అని నన్నడిగినవాళ్ళు తెల్లవాళ్ళొక్కరే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. నిజమే, విశాఖ పెట్టెల మీద ఇంగ్లీషు భవనాల బొమ్మలున్నాయి, కుర్చీల వంపులు లండన్ కుర్చీల వంపులే. కానీ బూల్ ఏం చేశాడు? ఆయనకి అచ్చుబొమ్మలూ పాత చిత్రకారుల గీతలూ కొనే పిచ్చి. అప్పులపాలయ్యేంత పిచ్చి. 1720లో పనిశాల తగలబడితే కర్రతో పాటు ఆ బొమ్మలన్నీ బూడిదైపోయాయి. పారిస్‌లో వడ్రంగి అచ్చుబొమ్మ చూస్తే అది అధ్యయనం, విశాఖపట్నంలో కంసాలి అచ్చుబొమ్మ చూస్తే అది అనుకరణ! కాయితం మీది నాలుగు గీతల మేడని వంకరున్న దంతపు పలకల మీదికి ఎక్కించడం, ఆ చుట్టూ తన పూలతీగని తెచ్చి అంచు కట్టడం, రెండూ కొట్టుకోకుండా చూడడం, ఇది నకలు తీసేవాడి చేతనవుతుందా?

మీలో చాలామంది నాలాగే ఇక్కడ కంప్యూటరు ఉద్యోగాలు చేసేవారు, చేసి రిటైరైనవారు. పద్నాలుగేళ్ళు ఒక ఇన్సూరెన్సు కంపెనీకి ప్రోగ్రాములు రాశాను. ఏం కావాలో వాళ్ళు కాయితం మీద రాసిచ్చేవారు, అది పనిచేసేలా నేను చేసేవాణ్ణి. ఆ కోడు ఇప్పటికీ నడుస్తోంది, ఎక్కడా నా పేరు లేదు. స్పెసిఫికేషన్ తెల్లవాడిది కాబట్టి పని కూడా తెల్లవాడిదే అంటే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. ప్రమోషన్లప్పుడు ఆ మాట విని ఇంటికొచ్చి కడుపుమండి అన్నం తినని రాత్రులు మనలో ఎంతమందికి లేవు? ఆ మాటే మన తాతల గురించి మనమే అంటున్నాం.

ఇంకా చిత్రమైన సంగతి ఒకటుంది. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ పెట్టెలు, ఫోటో ఫ్రేములు కంసాలులు చేస్తారని రాశాడు, సంతోషం. దానితో పాటు ఈ పనిని మొదట చేరదీసి పెంచినవాడు 1859-62 మధ్య కలెక్టరుగా ఉన్న ఫేన్ అని కూడా చెప్పాడు. నూరేళ్ళ ముందు కార్నీల్ దొర కళ్ళారా చూసి మెచ్చుకున్న పనిని, మధ్యలో రాజుగారి రాణి కూర్చున్న కుర్చీని, వందేళ్ళ తర్వాత వచ్చిన కలెక్టరుగారు 'మొదట' చేరదీశాడట! మనకి పని చెయ్యడం వచ్చుగానీ దానికి పురుడు పోసింది మాత్రం ఎప్పుడూ ఒక దొరగారే.

ఈ జబ్బు మనకీ పాకింది. చిన్నప్పుడు నాన్న హైదరాబాదు తీసుకెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాడు. అక్కడ దంతపు కుర్చీలున్నాయి, ఫ్రెంచి రాజు టిప్పు సుల్తానుకి పంపించాడని చెప్పారు. మా అమ్మ నెమ్మదిగా అడిగింది, "ఏవండీ, ఫ్రాన్సులో ఏనుగులుంటాయా?" నాన్న "నోర్ముయ్యి, రాసుంది కదా" అన్నాడు. ఆ కుర్చీల పుట్టుక ఎక్కడో నేను చెప్పలేను, అది వేరే కథ. రాసుంది కదా అన్న మాట మాత్రం మర్చిపోలేదు.

ఇక రెండో రకం అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. మా అమ్మాయి కాలేజీలో పర్యావరణం చదివింది. నా పెట్టె చూసి, "డాడీ, దీనికోసం ఒక ఏనుగుని చంపారు. ఆ మూతల కోసం ఒక తాబేల్ని చంపారు. దీన్ని నెత్తిన పెట్టుకుంటావేమిటి?" అంది. తాబేటి చిప్ప అంటే చెరువులో తాబేలు కాదు, హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు. అది ఇప్పుడు నశించిపోయే స్థితిలో ఉంది. బూల్ బీరువాల్లో తళతళలాడేది కూడా ఆ జాతి చిప్పే. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టానికి 1986లోను, 1991లోను చేసిన సవరణలతో దంతపు వ్యాపారం ఆగిపోయింది. ఇక్కడ 2014లో న్యూజెర్సీ, న్యూయార్క్ చట్టాలు చేశాయి, 2016లో ఫెడరల్ ప్రభుత్వం దాదాపు పూర్తిగా నిషేధించింది. మంచి పనే. దంతం పని మళ్ళీ మొదలవ్వాలని నేను అనను, మా తాత లేచొచ్చి అడిగినా వద్దంటాను. కానీ ఈ పాపం లెక్క కట్టేటప్పుడు ఒక్కటి చూడండి. ఏనుగు చచ్చింది పెట్టె కొన్నవాడి ముచ్చటకి. మెచ్చుకోలేమో కొన్నవాడికి, పాపమేమో చేసినవాడికి అంటే కుదరదు. బూల్ సొరుగుల బల్ల ముందు నిలబడి ఎవరూ తాబేలు పేరెత్తరు. మా అమ్మాయితో ఈ మాటంటే, "అక్కడ కూడా ఎత్తాలి" అంది. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

కమిటీ పెద్దాయన మాటకి మళ్ళీ వస్తాను. ఆయన ఇంట్లో పెద్ద హాలుంది. అందులో బంగారు రంగు కాళ్ళ సోఫాసెట్టుంది, షాపువాడు దానికి లూయీ పేరేదో పెట్టి అమ్మాడు. పూజగదిలో తంజావూరు పటాలున్నాయి, మెట్ల దగ్గర నటరాజు. తెలుగువాడు చేసిన వస్తువంటూ ఏదైనా ఉందా అని వెతికితే ఆవకాయ జాడీ కనిపించింది (అందులో ఆవకాయ తెలుగు, జాడీ కాదు). మనకి సంస్కృతి అంటే పాడింది, ఆడింది, రాసింది. చేతితో చేసింది సంస్కృతి కాదు, అది కులవృత్తి. కవిత్వం చెప్పినవాడికి ఒకటో పేజీ, గుడి కట్టించిన రాజుకి రెండో పేజీ, ఆ గుడి రాయి చెక్కినవాడికి, రాజు కిరీటం పోతపోసినవాడికి, రాణి కూర్చున్న కుర్చీకి దంతం పొదిగినవాడికి కలిపి ఒక బాక్స్ ఐటమ్. మ్యూజియంవాళ్ళ చీటీలో 'తెలుగు' లేదని నేను గోల పెడుతున్నాను, మన సావనీరులో 'కంసాలి' ఉందా? వాళ్ళు తెలియక రాయలేదు. మనం తెలిసి రాయలేదు.

నేనూ అందులో భాగస్తుణ్ణే. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ముత్తాత ఏం పని చేసేవాడో చెప్పలేదు. "ఆర్టిస్టు" అన్నాను. అబద్ధం కాదు, కానీ ఎందుకలా అన్నానో నాకు తెలుసు.

ఈ మార్చిలో పెట్టెని మ్యూజియంకి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, దానం చెయ్యచ్చు. ఇందాక చెప్పిన ఆ ఈశాన్యపు మ్యూజియంకే రాశాను, వాళ్ళు సంతోషంగా ఒక ఫారం పంపించారు. వస్తువు ఏమిటి, కొలతలేమిటి, దేనితో చేసింది, ఎప్పుడు, ఎక్కడ కొన్నారు. 'చేసినవారు' అన్న గడిలో వాళ్ళే ముందుగా 'తెలియదు, ఆంగ్లో ఇండియన్' అని అచ్చు వేసి పంపారు. దాన్ని కొట్టేసి, 'తెలుగు కంసాలి పనివారు, విశాఖపట్నం' అని రాసి పంపాను. వారం రోజుల్లో మర్యాదగా జవాబొచ్చింది, ఈ మార్పుకి ఆధారాలేమైనా ఉంటే దయచేసి పంపమని. గెజిటీరు పేజీ కాపీ తీశాను. ఎడ్గార్ థర్‌స్టన్ 1901లో దక్షిణ భారత దంతపు పని మీద రాసిన చిన్న పుస్తకం ఉంది, దాని వివరాలు జత చేశాను. మా అమ్మాయి తాత చువ్వల్ని పెట్టె పక్కన పెట్టి, గీత వెడల్పూ చువ్వ మొనా పక్కపక్కన కనిపించేలా ఫోటో తీసిపెట్టింది. ఉత్తరం కింద నా సంతకంలో ఇరవయ్యారేళ్ళ కిందట వదిలేసిన 'ఆచారి' తిరిగి చేర్చాను.

జవాబింకా రాలేదు. వాళ్ళు 'తెలుగు' అని రాస్తే పెట్టె వాళ్ళకి వెళ్తుంది. రాయకపోతే మా ఇంట్లోనే ఉంటుంది. ఎవరైనా చూడాలంటే ఫోన్ చేసి రండి, మూత తీసి చూపిస్తాను.